మూత్రాశయ క్యాన్సర్: రోబోనా, ఓపెనా అని అడిగే ముందు

మూత్రాశయంలో క్యాన్సర్ అని రిపోర్టు చేతికి రాగానే ఇంట్లో మొదలయ్యే చర్చ ఈ మధ్య ఒకేలా ఉంటోంది. "హైదరాబాద్ తీస్కపోయి రోబోతోటి చేయిద్దామా, ఇక్కడ్నే కోసి చేయిద్దామా?" పెద్దకొడుకుది ఒక మాట, అల్లుడిది ఇంకో మాట, దుబాయ్ నుంచి వీడియో కాల్‌లో చిన్నకొడుకుది మరో మాట. ఆస్పత్రుల ప్రకటనలు కూడా ఆ ప్రశ్ననే ముందుకు తోస్తున్నాయి. ప్రశ్న తప్పేమీ కాదు గానీ దాని వంతు మూడోది. గడ్డ ఎంత లోతుకు దిగిందన్నది ముందు తేలాలి. మూత్రాశయం తీసేయాల్సి వస్తే ఆ తర్వాత మూత్రం ఎటు పోవాలన్నది రెండోది. ఈ రెండూ తేలాక రోబో సంగతి ఎత్తితే, దాని లాభం ఎక్కడి వరకో, ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది.

నొప్పి లేని నెత్తురు

మూత్రంలో నెత్తురు పడటం ఈ జబ్బుకు ముఖ్య లక్షణం. చాలామందికి నొప్పి ఉండదు, మంట ఉండదు. ఒకటి రెండు రోజులు ఎర్రగా వచ్చి దానంతట అదే ఆగిపోతుంది. మోసమంతా అక్కడే. మన దగ్గర "ఒంట్లో వేడి చేసింది" అన్న మాట ప్రతిదానికీ సిద్ధంగా ఉంటుంది. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, పొద్దుగాల్నే రెండు గ్లాసుల ఈత కల్లు, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఒక సూది. నెత్తురు ఆగింది కాబట్టి మందు పనిచేసిందనుకుంటారు. ఏమీ చేయకున్నా ఆగేదే. కొన్ని వారాలకో నెలలకో మళ్లీ వస్తుంది. ఆడవాళ్లలో ఆలస్యం ఇంకా ఎక్కువ. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని మాత్రల కోర్సు మీద కోర్సు నడుస్తుంది, లేదంటే అనుమానం గర్భసంచి మీదికి పోతుంది. నలభై దాటిన మనిషికి నొప్పి లేకుండా నెత్తురు కనపడితే, ఒక్కసారే కనపడినా సరే, స్కాన్‌తో పాటు సిస్టోస్కోపీ, అంటే మూత్రం దారిలోంచి సన్నని కెమెరా పంపి లోపల చూసే పరీక్ష, కూడా చేయించాలి. అల్ట్రాసౌండ్ బాగుందని ఊరుకోవడానికి లేదు. మరీ చిన్న గడ్డలు, గోడను అంటుకుని చదునుగా పాకే రకం దానికి చిక్కవు.

ఈ క్యాన్సర్లలో సగం దాకా పొగాకు పొగ వల్ల వచ్చేవే. పొగలోని ఆరోమాటిక్ అమైన్లు రక్తంలో కలుస్తాయి, కిడ్నీలు వాటిని వడగట్టి మూత్రంలోకి పంపుతాయి, ఆ మూత్రం గంటల తరబడి మూత్రాశయం లోపలి పొరను తడుపుతూ నిలవ ఉంటుంది. జగిత్యాల, కోరుట్ల, కామారెడ్డి, నిజామాబాద్ వైపు బీడీ చుట్టడం ఇంటింటి పని. చుట్టేది ఎక్కువగా ఆడవాళ్లు, తాగేది ఎక్కువగా మగవాళ్లు. మూత్రాశయ క్యాన్సర్ మగవాళ్లలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ కనిపిస్తుంది. ఇదే జాతి రసాయనాలు ఒకప్పుడు రంగుల ఫ్యాక్టరీల్లోనూ ఉండేవి. ఫుక్సిన్ అనే రంగు తయారుచేసే కార్మికుల్లో ఈ గడ్డలు వస్తున్నాయని 1895లోనే జర్మన్ సర్జన్ లుడ్విగ్ రేన్ చెప్పాడు.

ముక్కలో కండ ఉందా?

ఇంటి గోడకు చెమ్మ పడితే మేస్త్రీ మొదట చూసేది అది సున్నం వరకే ఉందా, ఇటుకలోకి దిగిందా అని. సున్నం వరకే అయితే గీకి మళ్లీ పూస్తాడు, ఇటుకలోకి దిగితే లెక్కంతా మారిపోతుంది. మూత్రాశయం గోడ సంగతీ అంతే. లోపల పలచని పొర, దాని కింద మెత్తటి కణజాలం, ఆ కింద మందమైన కండ. కండలోకి దిగని క్యాన్సర్‌కు ఒక వైద్యం, దిగినదానికి పూర్తిగా వేరే వైద్యం. మొదటిసారి బయటపడే కేసుల్లో నాలుగింట మూడు వంతులు కండ దాకా పోనివే. వాళ్లలో ఎక్కువమందికి మూత్రాశయం తీసేసే అవసరమే రాదు.

ఈ లోతు తేల్చే ఆపరేషన్ పేరు టీయూఆర్‌బీటీ. పొట్ట మీద ఎక్కడా కోత ఉండదు. నడుముకు మత్తు సూది ఇచ్చి, మూత్రం వచ్చే దారిలోంచే సన్నని గొట్టం లోపలికి పంపుతారు. దాని చివర కెమెరా, కెమెరా ముందు సన్నని తీగ వంకీ. తీగలోకి కరెంటు ఇచ్చి గడ్డను పొర తర్వాత పొర గీకుతారు. పైన ఉన్న గడ్డంతా అయిపోయాక, దాని అడుగున ఉన్న గోడ నుంచి కాస్త లోతుగా ఇంకో ముక్క తీసి వేరే డబ్బాలో వేయాలి. ఈ రెండో డబ్బాయే కీలకం. ఆపరేషన్ అయ్యాక పైపు ఒకటి ఉంచి సెలైన్ ఎక్కిస్తూ ఉంటారు. బ్యాగులోకి వచ్చే నీళ్లు ఎరుపు నుంచి గులాబీకి, గులాబీ నుంచి తేటకు వస్తే పైపు తీస్తారు. జనం దీన్ని "లేజర్ ఆపరేషన్" అంటుంటారు గానీ ఎక్కువచోట్ల వాడేది కరెంటు తీగే.

ముక్క పరీక్ష రిపోర్టులో కుటుంబం వెతకాల్సిన మాట "డెట్రూసర్ మజిల్". అంటే మూత్రాశయం కండ. అది ముక్కలో ఉంది, క్యాన్సర్ దానిలోకి దిగలేదు అని రాస్తే ఆ రిపోర్టును నమ్మొచ్చు. కండ ఉంది, క్యాన్సర్ దిగింది అంటే దారి వేరు. అసలు కండే ముక్కలో లేదని రాస్తే లోతు తేలనట్టే లెక్క, "కండలోకి పోలేదట" అని సంబరపడటానికి లేదు. అప్పుడు రెండు నుంచి ఆరు వారాల్లో మళ్లీ టీయూఆర్‌బీటీ చేయాలి. కండ దొరికినా సరే, క్యాన్సర్ రెండో పొర దాకా వచ్చి ఉంటే, అంటే రిపోర్టులో టీ1 అని ఉంటే, రెండోసారి చేయడమే పద్ధతి. అలాంటివాళ్లలో సగం మంది దాకా మొదటిసారి గీకిన చోట ఎంతో కొంత మిగిలి ఉంటుంది.

ఈ రెండో ఆపరేషన్ దగ్గరే కుటుంబానికీ డాక్టర్‌కూ మధ్య నమ్మకం తెగుతుంది. "మొదటిసారి సక్కగ చెయ్యలేదా? పైసల కోసమే మళ్లీ చేస్తమంటున్నరా?" అన్న అనుమానం మొదలవుతుంది. మొదటి ఆపరేషన్‌కు ముందే "రెండోసారి అవసరం పడొచ్చు" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ గొడవే ఉండదు. చెప్పని డాక్టర్లే ఎక్కువ.

ఇక్కడా పద్ధతుల పోలిక ఉంది. మామూలు టీయూఆర్‌బీటీలో గడ్డ ముక్కలు ముక్కలుగా వస్తుంది, కొన్ని కరెంటు వేడికి మాడిపోతాయి, ఏది పైది, ఏది కిందిదో ముక్కను పరీక్షించే పాథాలజిస్టుకు అంతుపట్టదు. గడ్డను అడుగుతో సహా ఒకే ముద్దగా తీసే పద్ధతిని ఎన్‌బ్లాక్ అంటారు, లేజర్‌తోనూ చేయొచ్చు, కరెంటుతోనూ చేయొచ్చు. ముద్దగా వస్తే కండ దొరకడం, లోతు తేల్చడం తేలిక. జబ్బు తిరగబెట్టడం దీనివల్ల బాగా తగ్గిపోతుందా అంటే అంత గట్టిగా చెప్పలేం. మూడు సెంటీమీటర్లు దాటిన గడ్డను ఒకే ముద్దగా బయటికి తేవడమూ కష్టమే. పక్కగోడ మీది గడ్డకు కరెంటు తగిలితే తొడ నరం ఉలిక్కిపడి కాలు ఎగిరిపడే ప్రమాదం ఉంటుంది, ఆ క్షణంలో తీగ గోడను చీల్చేయొచ్చు. లేజర్‌తో ఆ బెడద లేదు. మామూలు మోనోపోలార్ కరెంటు బదులు, ఒంట్లోకి పాకకుండా తీగ దగ్గరే తిరిగే బైపోలార్ కరెంటు వాడినా, నరానికి విడిగా మత్తు ఇచ్చినా తగ్గుతుంది.

కండలోకి దిగని క్యాన్సర్‌లో ప్రమాదం ఎక్కువున్న రకానికి గీకుడు ఒక్కటే చాలదు. చిన్నప్పుడు భుజం మీద వేసే టీబీ టీకా బీసీజీనే మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. కెనడాలో అల్వారో మొరాలెస్ 1976లో ప్రచురించిన ఫలితాలతో మొదలైన వైద్యం ఇది. వారానికోసారి చొప్పున ఆరు వారాలు, తర్వాత ఒకటి నుంచి మూడేళ్ల దాకా విడతలు విడతలుగా. ఎక్కించిన రోజు మూత్రంలో మంట, కాస్త జ్వరం మామూలే. రెండు డోసులకే భయపడి మానేసేవాళ్లు మానేస్తున్నది మూత్రాశయాన్ని కాపాడే మందునని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

తీసేయాల్సి వస్తే

కండలోకి దిగిన క్యాన్సర్‌కూ, బీసీజీకి లొంగని ప్రమాదకర రకానికీ పెద్ద ఆపరేషన్ రాడికల్ సిస్టెక్టమీ. మగవాళ్లకు మూత్రాశయంతో పాటు ప్రోస్టేట్, వీర్య తిత్తులు తీస్తారు. ఆడవాళ్లకు చాలాకాలం గర్భసంచి, అండాశయాలు, యోని ముందుగోడ కూడా తీసేయడం రివాజు. ఇప్పుడు జబ్బు అటువైపు పాకనివాళ్లకు వాటిని ఉంచుతున్నారు. రెండువైపులా కటిలోని లింఫు గ్రంథులు తీయడం తప్పనిసరి. ఎంత పైదాకా తీస్తే అంత మంచిదని ఒక నమ్మకం ఉండేది. ఎస్1011 అనే ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చి దానికి తెర దించాయి. ఎక్కువ తీసినందువల్ల ఆయుష్షు పెరగలేదు, ఇబ్బందులు పెరిగాయి. "మొత్తం శుభ్రంగా తీసేయండి సార్" అని వేడుకునే కొడుకులకు ఈ సంగతి తెలియాలి.

కిడ్నీలు బాగున్న రోగికి ఆపరేషన్‌కు ముందే సిస్ప్లాటిన్ ఉన్న కీమో ఇస్తారు. "గడ్డ లోపల పెట్టుకుని మూడు నెలలు మందులేంది, ముందుగాల కోసేయరా?" అన్నది మామూలుగా వచ్చే ప్రశ్న. జవాబు 2003లో అచ్చయిన అమెరికన్ ట్రయల్‌లో ఉంది. నేరుగా ఆపరేషన్ చేసినవాళ్లలో సగం మంది 46 నెలలు దాటి బతికితే, ముందు కీమో తీసుకున్నవాళ్లలో సగం మంది 77 నెలలు దాటి బతికారు. కంటికి కనపడకుండా బయటికి పాకిన కణాలను చంపేది కీమోనే, కత్తికి అవి అందవు. అదే సమయంలో, కీమో ఇవ్వని రోగికి జబ్బు తేలాక మూడు నెలలు దాటేలా ఆపరేషన్ వాయిదా వేస్తే నష్టమని కూడా తెలుసు. నాటు అయిపోయాక, బిడ్డ పెళ్లి అయ్యాక అని ముహూర్తాలు చూసుకునే జబ్బు కాదు.

మూత్రాశయంలో కొంత భాగమే తీసే ఆపరేషన్ ఉందా అని అడుగుతారు. ఉంది. పైకప్పు భాగంలో ఒకే ఒక గడ్డ ఉండి, మిగతా పొరంతా శుభ్రంగా ఉన్న కొద్దిమందికే.

మూత్రం ఎటు పోవాలి?

నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో రోగి బతుకును అన్నిటికన్నా ఎక్కువ మార్చే నిర్ణయం ఇది. రోబోతో చేశారా, కోసి చేశారా అన్నది రెండేళ్ల తర్వాత అద్దంలో మచ్చ చూసుకుంటే తప్ప గుర్తుండదు. మూత్రం ఎటు పోతోందన్నది రోజూ గుర్తుంటుంది.

ఎక్కువమందికి చేసేది ఐలియల్ కాండ్యూట్. అమెరికన్ సర్జన్ యూజీన్ బ్రిక్కర్ 1950లో ప్రచారంలోకి తెచ్చాడు. చిన్నపేగు చివరిభాగంలో 15 నుంచి 20 సెంటీమీటర్ల ముక్కను రక్తనాళాలతో సహా వేరుచేసి, కిడ్నీల నుంచి వచ్చే రెండు గొట్టాలను దానికి కుట్టి, దాని రెండో కొసను పొట్ట మీదికి తెస్తారు. ఎర్రగా, తడిగా, కొద్దిగా ఉబ్బి కనపడే ఆ మూతే స్టోమా. దానికి అంటించిన బ్యాగులోకి మూత్రం పడుతూ ఉంటుంది. అతికించిన ప్లేటు మూడు నాలుగు రోజులకోసారి మార్చాలి, రాత్రి పెద్ద బ్యాగు తగిలించుకుంటే లేవాల్సిన పని ఉండదు.

రెండోది నియోబ్లాడర్. స్విట్జర్లాండ్‌లో స్టూడర్, జర్మనీలో హౌట్‌మన్ పేర్లతో 1980ల నుంచి పేరుపడ్డ పద్ధతులున్నాయి. అర మీటరుకు పైగా చిన్నపేగును నిలువుగా కోసి, మడిచి, గుండ్రటి సంచిలా కుట్టి, పాత మూత్రాశయం ఉన్న చోటే మూత్రమార్గానికి కలుపుతారు. బ్యాగు ఉండదు, మూత్రం మామూలు దారినే వస్తుంది. వినగానే ఎవరైనా "మాకు ఇదే కావాలి" అంటారు. దాని వెనక పని చాలా ఉంది. పేగుతో చేసిన సంచికి నిండిన కబురు చెప్పే నరాలు లేవు. మొదటి నెలల్లో గడియారం చూసుకుని రెండు మూడు గంటలకోసారి పోవాలి, రాత్రి అలారం పెట్టుకుని లేవాలి. కటి కండరాలు వదులుచేసి, పొట్ట బిగించి మూత్రం పోయడం కొత్తగా నేర్చుకోవాలి. పగలు అదుపు చాలామందికి వస్తుంది. రాత్రి పక్క తడవడం మాత్రం చాలామందికి చాలాకాలం ఉంటుంది. కొందరికి, ఆడవాళ్లలో మరీ, సంచి పూర్తిగా ఖాళీ కాక రోజూ తామే పైపు పెట్టుకుని తీసుకోవాల్సి వస్తుంది. పేగు జిగురు తయారుచేస్తూనే ఉంటుంది, అది అడ్డుపడకుండా కడగాలి. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు, ఎందుకంటే పేగు మూత్రంలోని ఆమ్లాన్ని తిరిగి రక్తంలోకి పీల్చుకుంటుంది. మూత్రమార్గం దగ్గర క్యాన్సర్ ఉన్నవాళ్లకు కుదరదు. చేతులు వణికేవాళ్లకు, ఇంట్లో చూసే దిక్కులేని ముసలివాళ్లకు కూడా నేను ఇది మంచిదనను.

ఇంకో పాత పద్ధతిలో మూత్రాన్ని పెద్దపేగులోకే మళ్లించేవారు. బ్యాగు ఖర్చు లేదు, మూత్రం మలద్వారం నుంచే పోయేది. బ్యాగులు దొరకని, కొనలేని దేశాల్లో చాలాకాలం నడిచింది. కిడ్నీలకు ఇన్ఫెక్షన్లు, రక్తంలో ఆమ్లం పెరగడం, ఏళ్ల తర్వాత అతుకు దగ్గర కొత్త క్యాన్సర్ రావడం చూశాక దాదాపు వదిలేశారు.

బ్యాగు అనగానే మనవాళ్లు ముఖం మాడ్చుకుంటారు. నలుగుర్లోకి ఎట్లా పోవాలి, వాసన వస్తదేమో, మనవడు ఒళ్లో కూర్చుంటే ఊడిపోతదేమో. ఈ భయాల్లో సగం స్టోమా ఎక్కడ పెట్టారన్న దాని మీద ఆధారపడతాయి. ఆ చోటు ఆపరేషన్ టేబుల్ మీద కాదు, ముందురోజు వార్డులోనే నిర్ణయించాలి. తెలిసిన నర్సు రోగిని పడుకోబెట్టి, కూర్చోబెట్టి, నిలబెట్టి, వంచి చూస్తుంది. "తాతా, లుంగీ ఏడ కడతవో సూపియ్యి. జర గొంతుకు కూసో" అంటుంది. లుంగీ ముడి, చీర కుచ్చిళ్లు, లంగా బొందు ఒరుసుకునే చోట స్టోమా ఉండకూడదు. కూర్చుంటే పొట్ట మడత పడే చోట ఉంటే ప్లేటు అంటుకోదు, కారుతుంది. నాటేసే ఆడమనిషి రోజంతా వంగే ఉంటుంది, నమాజు చేసే మనిషి మోకరిల్లుతాడు. ఇవన్నీ చేయించి చూసి, ఆ మనిషి తన కంటితో చూసుకోగల చోట మార్కర్‌తో చుక్క పెట్టాలి. ఐదు నిమిషాల పని. చాలాచోట్ల జరగదు. రోబో ఉందా అని అడిగే కుటుంబం, "స్టోమా గుర్తు ఎవరు పెడతారు?" అని కూడా అడగాలి.

లైంగిక సంబంధం మాట ఎవరూ ఎత్తరు. డాక్టర్ కొడుకుతో మాట్లాడతాడు, కొడుకు తండ్రితో అనలేడు, అల్లుడు అసలే అడగలేడు. ప్రోస్టేట్‌తో పాటు పక్కనున్న నరాలు పోతే అంగస్తంభన పోతుంది. జబ్బు స్థితిని బట్టి ఆ నరాలు కాపాడే వీలు కొందరికి ఉంటుంది. యాభై ఏళ్ల మనిషికి దాన్ని ముందే, తనకే, ఒంటరిగా కూర్చోబెట్టి చెప్పాలి.

ఇప్పుడు రోబో సంగతి

ఓపెన్ అంటే బొడ్డు పక్క నుంచి కిందిదాకా నిలువు కోత. లాప్రోస్కోపీ అంటే చిన్న రంధ్రాలు, పొట్టలో గ్యాసు నింపి, కెమెరాలో చూస్తూ పొడుగాటి పనిముట్లతో చేయడం. రోబో కూడా చిన్న రంధ్రాలే, కాకపోతే పనిముట్లను పట్టేది యంత్రం చేతులు, ఆ చేతులను ఆడించేది పక్కన కన్సోల్ ముందు కూర్చున్న సర్జన్. రోబో తనంతట తాను ఏమీ చేయదు. మణికట్టులా తిరిగే దాని కొసల వల్ల లోతైన కటిలో కుట్లు వేయడం మామూలు లాప్రోస్కోపీ కన్నా చాలా తేలిక. మూత్రాశయాన్ని రోబోతో తీసిన అనుభవాన్ని డెట్రాయిట్‌లో పనిచేసే మణి మీనన్ బృందం 2003లో ప్రచురించింది.

అసలు ప్రశ్నకు వస్తే, రోబోతో చేస్తే క్యాన్సర్ నుంచి ఎక్కువకాలం బతుకుతారా? దీని మీద జరిగిన పెద్ద పోలిక రేజర్ ట్రయల్. అమెరికాలోని 15 ఆస్పత్రుల్లో 350 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీశారు. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం రెండేళ్లకు జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు రోబో గుంపులో 72.3 శాతం, ఓపెన్ గుంపులో 71.6 శాతం. అంటే తేడా లేనట్టే. గ్యాసు నింపడం వల్ల క్యాన్సర్ పొట్టంతా చిమ్ముతుందేమోనన్న భయాన్ని ఈ లెక్కలు బలపరచలేదు. రక్తం పోవడం రోబోలో సగానికన్నా తక్కువ, సుమారు 300 మిల్లీలీటర్లకు 700. ఆస్పత్రిలో ఉన్నది ఒక రోజు తక్కువ. ఆపరేషన్‌కు పట్టిన సమయం మాత్రం గంటకు పైగా ఎక్కువ. తర్వాత వచ్చే ఇబ్బందులు 67 శాతానికి 69 శాతం.

ఈ చివరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. చిన్న రంధ్రాలతో చేసినా ఇబ్బందులు ఎందుకు తగ్గలేదు? రేజర్‌లో మూత్రాశయాన్ని రోబోతో తీశాక, పేగు పనికి పొట్ట కోసి బయటి నుంచే చేశారు. ఈ ఆపరేషన్‌లో తిప్పలన్నీ ఎక్కువగా పేగు దగ్గరే పుడతాయి. పేగు కదలక పొట్ట ఉబ్బడం, వాంతులు, అతుకు కారడం, ఇన్ఫెక్షన్. ఆ భాగం రెండు గుంపుల్లోనూ ఒకేలా జరిగితే ఫలితమూ ఒకేలా ఉంటుంది మరి.

బ్రిటన్‌లో తొమ్మిది ఆస్పత్రుల్లో జరిగిన ఐరాక్ ట్రయల్ ఆ లోటు పూడ్చింది. అక్కడ రోబో గుంపులో పేగు పని కూడా లోపలే చేశారు. 338 మందిని తీసుకున్న ఆ ట్రయల్ ఫలితం 2022లో వచ్చింది. ఆపరేషన్ తర్వాతి 90 రోజుల్లో ఆస్పత్రి బయట ప్రాణాలతో గడిపిన రోజులు లెక్కేస్తే రోబో గుంపుకు 82, ఓపెన్ గుంపుకు 80. గాయం తాలూకు ఇబ్బందులు 5.6 శాతానికి 16 శాతం. కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం 1.9 శాతానికి 8.3 శాతం. క్యాన్సర్ తిరగబెట్టడంలో గానీ మరణాల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి రోబో అని చెప్పిన చోట అడగాల్సింది ఒకటుంది: "పేగు పని కూడా లోపలే చేస్తరా, బయటికి తీసి చేస్తరా?" బయటే అయితే రోబోకు కట్టే అదనపు డబ్బుకు దక్కేది కాస్త తక్కువ రక్తం, ఒక రోజు ముందు డిశ్చార్జి.

రోబోకు అందరూ పనికిరారు. తల కిందికి, కాళ్లు పైకి బాగా వంచి, పొట్టలో గ్యాసుతో గంటల తరబడి ఉంచాలి. ఏళ్ల తరబడి బీడీ తాగి ఊపిరితిత్తులు దెబ్బతిన్న మనిషికి అది కష్టం, మరి ఈ జబ్బు వచ్చేది ఎక్కువగా అలాంటివాళ్లకే. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, కంటిలో ఒత్తిడి జబ్బు ఉన్నవాళ్లకు మత్తు డాక్టర్ వద్దనొచ్చు. అలాంటి రోగికి ఓపెన్ చేస్తామంటే "ఇక్కడ సౌకర్యం లేక అంటున్నరు" అనుకోనక్కరలేదు.

మామూలు లాప్రోస్కోపీతోనూ ఇదే ఆపరేషన్ చేసే సర్జన్లు మన దేశంలో ఉన్నారు, ఖర్చు రోబో కన్నా తక్కువ. చేయి తిరిగినవాళ్లు చేస్తే బాగుంటుంది. పెద్ద ట్రయల్స్ మాత్రం దాని మీద లేవు.

రోగి త్వరగా లేచి తిరగడంలో కోత సైజు ఎంతో, ముందు వెనక చేసే చాకిరీ అంత. ముందురోజు జులాబు మందులతో పేగు కడగకపోవడం, మత్తు దిగాక త్వరగా నీళ్లు, తిండి మొదలుపెట్టడం, చూయింగ్ గమ్ నమిలించడం, మర్నాడే మంచం దింపి నడిపించడం. ఇవి ఓపెన్ ఆపరేషన్‌కూ వర్తిస్తాయి. మనవాళ్లు "కుట్లు పచ్చిగున్నయ్, పండుకో బాపూ" అని ప్రేమగా పడుకోబెడతారు, అదే కాళ్లలో రక్తం గడ్డకట్టడానికి దారి.

కత్తి లేకుండా

రేడియేషన్‌ను మన దగ్గర "కరెంటు పెట్టడం" అంటారు. కండలోకి దిగిన క్యాన్సర్‌లోనూ కొందరికి మూత్రాశయం తీయకుండా, గడ్డను వీలైనంత గీకేసి, కీమోతో కలిపి కరెంటు పెడితే సరిపోతుంది. బీసీ2001 అనే బ్రిటిష్ ట్రయల్ 2012లో తేల్చిందేంటంటే, కరెంటు ఒక్కటే పెట్టినవాళ్లలో రెండేళ్లకు ఆ చోట జబ్బు తిరగబెట్టకుండా ఉన్నది 54 శాతమైతే, కీమో కలిపినవాళ్లలో 67 శాతం. 2023లో 722 మంది రికార్డులను జతలు కట్టి పోల్చిన అధ్యయనంలో, సరిగ్గా ఎంచుకున్న రోగుల్లో ఈ దారికీ, మూత్రాశయం తీయడానికీ ఫలితాలు దగ్గర దగ్గరగానే వచ్చాయి. "సరిగ్గా ఎంచుకున్న" అన్నదే ముఖ్యం: ఒకే గడ్డ, రెండువైపులా కిడ్నీలు ఉబ్బి ఉండకపోవడం, చదునుగా పాకే రకం ఎక్కువ లేకపోవడం. ఆ తర్వాత జీవితాంతం సిస్టోస్కోపీలు తప్పవు, తిరగబెడితే అప్పుడు మూత్రాశయం తీయాల్సిందే. సర్జన్ దగ్గరికి మాత్రమే పోయే రోగికి ఈ దారి ఉన్నట్టే తెలియదు. ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు రేడియేషన్ డాక్టర్‌ను కూడా ఒకసారి కలవడం మేలు.

వరంగల్‌లోనా, హైదరాబాద్‌లోనా?

గడ్డ గీకే ఆపరేషన్, బీసీజీ వరంగల్, కరీంనగర్‌లలో అవుతాయి. వాటికోసం ప్రతి వారం కాజీపేటలో రైలెక్కాల్సిన పనిలేదు. మూత్రాశయం తీసే ఆపరేషన్‌కు మాత్రం నేను దూరం చూడొద్దంటాను. యూరోపియన్ యూరాలజీ మార్గదర్శకాలు ఏడాదికి కనీసం 10, వీలైతే 20కి పైగా ఈ ఆపరేషన్లు జరిగే ఆస్పత్రిలోనే చేయించాలంటాయి. సర్జన్ చేతితో పాటు మత్తు డాక్టర్‌కూ, ఐసీయూ నర్సుకూ అలవాటు ఉండాలి. అందుకే "రోబో ఉందా?" కన్నా "ఏడాదికి ఎన్ని చేస్తరు సార్?" అన్నది మంచి ప్రశ్న. అడిగితే డాక్టర్‌కు కోపమొస్తుందేమోనని జంకొద్దు. ఏడాదికి రెండు చేసే రోబో సర్జన్ కన్నా నెలకు రెండు చేసే ఓపెన్ సర్జన్ దగ్గరికి నేనైతే మా ఇంటి మనిషిని పంపుతాను. హైదరాబాద్‌లో ప్రభుత్వ వైపు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, నిమ్స్ ఆస్పత్రి ఉన్నాయి. నిమ్స్‌లో 2023 నుంచి రోబో కూడా ఉంది.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. ఏ ఆస్పత్రిలో ఏ ప్యాకేజీ వర్తిస్తుంది, రోబో అదనపు ఖర్చు దానిలో వస్తుందా, డిశ్చార్జి తర్వాత నెలనెలా కొనే బ్యాగులు ఎవరి లెక్క అన్నవి చేరకముందే ఆరోగ్యమిత్రను అడిగి తేల్చుకోవాలి. బ్యాగుల ఖర్చు ఆపరేషన్‌తో అయిపోయేది కాదు. డబ్బు చాలక ఒకే ప్లేటును రోజుల తరబడి లాగిస్తే చుట్టూ చర్మం ఒరిసి పుండవుతుంది, ఆ పుండు మీద కొత్త ప్లేటు అంటుకోదు.

ఇంటికి వచ్చాక చూసుకోవాల్సినవి ఏ పద్ధతిలో చేసినా ఒకటే, అవన్నీ హనుమకొండలోనే అవుతాయి. మొదటి రెండు మూడేళ్లు నాలుగు నుంచి ఆరు నెలలకోసారి సీటీ స్కాన్, ఆ తర్వాత ఏడాదికోసారి. కిడ్నీలను, పేగుకు కుట్టిన గొట్టాలను కూడా దానిలో చూడాలి. అతుకు దగ్గర సన్నబడితే నొప్పి లేకుండానే కిడ్నీ ఉబ్బి పాడవుతుంది. పొగాకు తడిపింది మూత్రాశయాన్ని ఒక్కదాన్నే కాదు కాబట్టి అదే పొరలో పైన, అంటే కిడ్నీలో, దాని గొట్టంలో, కొత్త గడ్డ పుట్టొచ్చు కూడా. స్కాన్‌తో పాటు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, రక్తంలో ఆమ్లం సంగతి తెలిపే బైకార్బొనేట్ పరీక్షలు. చిన్నపేగు చివరిభాగం పోయింది కాబట్టి బీ12 విటమిన్ కొన్నేళ్లకు తగ్గుతూ రావచ్చు, దాన్నీ ఏడాదికోసారి చూడమని డిశ్చార్జి రోజే చీటీలో రాయించుకోవాలి.